ఖాళీ పికప్ వెనక చక్రాల ఎగురుడు: తక్కువ ఖర్చుతో అదుపు చేసిన పని డైరీ

మే చివరి వారం: ఇబ్బంది ఎక్కడ, ఎప్పుడు

మదనపల్లె చుట్టుపక్కల తోటల నుంచి టమాటా క్రేట్లను మార్కెట్ యార్డుకు చేరవేసే పికప్ ఒకటి మా ఇంట్లో ఉంది. ఒకటిన్నర టన్ను మోసే డీజిల్ బండి. వెనక రెండు వైపులా కమాన్ పట్టీలే, అంటే బరువు మోయడానికి ఒకదానిపై ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీలు. పాత బండిగా కొన్నాం, మా తమ్ముడు నడుపుతాడు. లోడు మీద ఉన్నంతసేపు దీనితో ఏ ఇబ్బందీ లేదు. సరుకు దించి ఖాళీగా తిరిగి వచ్చి, చెరువు కట్ట దాటి తోటల వైపు ఎక్కే గరుసు బాటలో మొదటి గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు మాత్రం వెనక భాగమంతా దడదడమని కొట్టుకుంటుంది. వాన పడి బాట పైపొర మెత్తబడిన రోజుల్లో ఇది మరీ ఎక్కువ.

చక్రం జారడం వేరు, ఎగరడం వేరు. జారే చక్రం ఉన్న చోటే తిరుగుతూ మట్టిని వెనక్కి చిమ్ముతుంది. ఎగిరే చక్రం నేలను పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని, సెకనుకు ఇంచుమించు పది సార్లు నేలను కొడుతుంది. బండి ఎక్కిపోయాక చూస్తే బాట మీద జానెడు జానెడు దూరంలో వరుసగా చిన్న గుంటలు కనిపిస్తాయి. జారుడు వల్ల అరిగేది టైరు ఒక్కటే. ఎగురుడులో చక్రం నేలను పట్టుకున్న ప్రతిసారీ ఆ దెబ్బ యాక్సిల్ షాఫ్టు, క్రౌన్ (ఇరుసు మధ్యలోని పెద్ద పళ్ల చక్రం) పళ్లు, ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు బలం చేర్చే పొడవాటి కడ్డీ) క్రాసుల (దాని కీళ్ల) మీదుగా గేర్‌బాక్సు దాకా పోతుంది. వీటిలో ఏ ఒక్కటి విరిగినా ఖర్చు వేలల్లో ఉంటుంది. పంట సీజనులో బండి రెండు రోజులు ఆగితే అంతకన్నా ఎక్కువ నష్టం. అందుకే దీన్ని ఓర్చుకోకుండా సరిచేయాలని నిర్ణయించాను.

పనికి కొన్ని హద్దులు ముందే పెట్టుకున్నాను. మొత్తం ఖర్చు ఏడు వేలు దాటకూడదు. బండి మోయగల బరువు తగ్గకూడదు. ఛాసిస్ మీద వెల్డింగ్ పెట్టకూడదు, రంధ్రం వేయకూడదు. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అనుమతించదు, పైగా సరుకు బండి కాబట్టి ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీకి) వెళ్లక తప్పదు. ఏం బిగించినా స్పానర్‌తో విప్పి పక్కన పెట్టగలిగేలా ఉండాలి.

మే చివరి వారం: కారణం వెతుకులాట

ఇంజిన్ నుంచి వచ్చిన టార్క్ (తిప్పే బలం) చక్రాన్ని ముందుకు తిప్పుతున్నప్పుడు అంతే బలంతో యాక్సిల్ హౌసింగ్ (వెనక ఇరుసు బయటి గొట్టం) వెనక్కి తిరగాలని చూస్తుంది. అంటే ప్రొపెల్లర్ షాఫ్టు కలిసే పినియన్ (క్రౌన్‌ను తిప్పే చిన్న పళ్ల చక్రం) మూతి పైకి లేస్తుంది. ముందు ఇరుసుకు ఉన్నట్టు ఇక్కడ దాన్ని ఆపే చేతులేమీ లేవు. బరువు మోయడం, ఇరుసును తన చోట నిలపడం, బండిని ముందుకు నెట్టడం, ఈ మెలికను ఆపడం అన్నీ కమాన్ పట్టీల పనే. పట్టీ ముందు సగం ఒక వంపు, వెనక సగం మరో వంపు తిరిగి ఆ మెలికను తనలో దాచుకుంటుంది. చక్రం పట్టు తప్పిన క్షణంలో ఆ దాచుకున్న బలమంతా ఒక్కసారిగా విడుదలై హౌసింగ్‌ను కిందికి కొడుతుంది, టైరు నేలకు అదిమి పట్టు దొరుకుతుంది, పట్టీ మళ్లీ మెలి తిరుగుతుంది. కాలు యాక్సిలరేటర్ మీద ఉన్నంతసేపు ఈ వరుస ఆగదు.

ఖాళీ బండికే ఎందుకు వస్తుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఇంజిన్ టార్క్ 200 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 4, క్రౌన్ నిష్పత్తి 4 అనుకుంటే వెనక ఇరుసుకు 3,200 న్యూటన్ మీటర్ల దాకా చేరుతుంది. ఖాళీ బండిలో వెనక ఇరుసు మీద పడే బరువు 700 కిలోలు, తడి గరుసు మీద ఘర్షణ గుణకం 0.4, టైరు వ్యాసార్ధం 0.35 మీటర్లు అనుకుంటే నేల తట్టుకోగలిగేది దాదాపు 960 న్యూటన్ మీటర్లే. చేతిలో ఉన్న బలం నేల పట్టుకు మూడింతలకు పైన ఉంది. అదే బండిలో టన్నుకు పైగా టమాటా ఉంటే నేల పట్టు రెండింతలు దాటుతుంది. చక్రం జారే పరిస్థితి అరుదుగా వస్తుంది కాబట్టి ఎగురుడు మొదలయ్యే సందర్భమే ఉండదు. ఈ లెక్కలో అంకెలు నేను అనుకున్నవే అయినా, ఏ పికప్‌కైనా కథ ఇంచుమించు ఇలాగే నడుస్తుంది.

లెక్కతో ఆగకుండా కళ్లతో కూడా చూడాలనుకున్నాను. పాత ఫోనును స్లో మోషన్‌లో పెట్టి, స్పేర్ టైరు బ్రాకెట్‌కు గుడ్డతో గట్టిగా కట్టి, పినియన్ ఫ్లాంజి మీద సుద్దతో అడ్డ గీత గీసి తమ్ముణ్ని బాట ఎక్కించమన్నాను. వీడియోలో క్లచ్ పట్టుకున్న వెంటనే గీత రెండు వేళ్ల ఎత్తు పైకి లేచింది, చక్రం వదలగానే దభీమని కిందికి దిగి మొదటి చోటు కన్నా కిందికి కూడా పోయింది. ఆ తర్వాత పైకీ కిందికీ ఊగుతూనే ఉంది. అదే వీడియోలో మరో రెండు విషయాలు దొరికాయి. ఎడమ షాక్ అబ్జార్బర్ కింది కంటిలోని (బిగించే రంధ్రంలోని) రబ్బరు బుష్ తన ఇంటిలోనే అటూ ఇటూ ఆడుతోంది. కుడి పట్టీ ముందు కంటి (చివర చుట్టిన రంధ్రం) దగ్గర పట్టీకీ బ్రాకెట్‌కూ మధ్య సందు తెరుచుకుని మూసుకుంటోంది.

జూన్ మొదటి వారం: యు బోల్టులు, బుష్‌లు

బండిని రాళ్ల మీద కాకుండా ఛాసిస్ కింద ఆనించే స్టాండ్ల మీద నిలిపి, వెనక చక్రాలు విప్పాం. పట్టీల మధ్య నుంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతోంది. పట్టీలు ఒకదానిపై ఒకటి బాగా రాసుకుంటున్నాయనడానికి అదే గుర్తు. పట్టీలను గుత్తిగా పట్టుకునే క్లిప్పుల్లో ముందు వైపువి రెండూ నోరు తెరిచి వదులుగా వేలాడుతున్నాయి. ఇది ముఖ్యమైన సంగతి, దీని గురించి ముందు ముందు రాస్తాను.

ఇరుసును కమాన్ పట్టీలకు బిగించే యు బోల్టుల నట్లకు రెంచి వేస్తే ఒక వైపున రెండు సులువుగా పావు చుట్టు తిరిగాయి. యు బోల్టు వదులుగా ఉంటే హౌసింగ్ తన గద్దె మీద కదులుతుంది, ఆ కదలికంతా మెలికకు కలిసొస్తుంది. ఇంకా ముదిరితే పట్టీలను మధ్యలో కలిపే సెంటర్ బోల్టు తెగి ఇరుసే పక్కకు జరుగుతుంది. సాగిన పాత బోల్టులను మళ్లీ బిగించి వాడటం నాకు ఇష్టం లేదు. నాలుగూ కొత్తవి తెచ్చి, మరలకు నూనె రాసి, ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగిస్తూ, చివరగా బండి పుస్తకంలో ఉన్న టార్క్‌కు టార్క్ రెంచితో సరిచూశాం. ఆఖరి బిగింపు బండి నాలుగు చక్రాల మీద నిలిచాకే చేయాలి. ఒకటి రెండు లోడ్లు తిరిగాక మళ్లీ సరిచూడటం తప్పనిసరి, ఎందుకంటే కొత్త బోల్టు, పట్టీల మధ్య తుప్పు పొర రెండూ కొంత సర్దుకుంటాయి.

ముందు కంటి బుష్‌లు మార్చడానికి కమాన్ల షాపుకే ఇచ్చాను. పాత బుష్ బయటికి వచ్చినప్పుడు దాని రబ్బరు ఒక పక్కన పూర్తిగా చీలి, ఇనుప గొట్టం పక్కకు ఒరిగి ఉంది. ముందు కన్ను ఛాసిస్‌కు నేరుగా బిగిసి ఉంటుంది. చక్రం బండిని నెట్టే బలమంతా ఆ ఒక్క పిన్ను గుండానే ఛాసిస్‌కు చేరుతుంది. వెనక కన్ను షాకిల్‌కు (ఊగే లింకుకు) వేలాడుతూ ముందుకూ వెనక్కీ ఊగుతుంది, అక్కడ కొంత వదులు ఉన్నా ఎగురుడుకు పెద్దగా సంబంధం లేదు. డబ్బు తక్కువ ఉన్నవారు ముందు కంటి బుష్‌ల మీదే ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం.

దీని తర్వాత అదే బాట మీద చూస్తే ఇనుప చప్పుడు బాగా తగ్గింది, ఎగురుడు మాత్రం పోలేదు. వీడియోలో సుద్ద గీత ఎత్తు స్వల్పంగానే తగ్గింది.

జూన్ రెండో భాగం: షాక్ అబ్జార్బర్లు, టైర్ల గాలి

షాక్ అబ్జార్బర్‌ను విప్పి నిలబెట్టి చేత్తో నొక్కితే ఎడమది మొదటి రెండు అంగుళాలు ఏ అడ్డూ లేకుండా పోయింది. బయట నూనె తడి మీద దుమ్ము అట్ట కట్టింది. మెలి తిరిగిన పట్టీ వెనక్కి విడిపోయేటప్పుడు ఆ బలాన్ని వేడిగా మార్చి చల్లార్చే ముఖ్యమైన భాగం బండిలో ఇదే. ఇది చనిపోతే ఎంత గట్టి పట్టీ వేసినా ఊగుడు ఆగదు. రెండు వైపులా కొత్తవి వేశాం. ఒక్కటి మాత్రమే మార్చడం వల్ల డబ్బు మిగిలినట్టు కనిపిస్తుంది కానీ రెండు చక్రాలు రెండు రకాలుగా ఊగుతాయి.

మా బండికి రెండు షాక్ అబ్జార్బర్లూ ఇరుసుకు ఒకే పక్కన ఉన్నాయి. ఒకటి ఇరుసు ముందు, ఇంకొకటి వెనక ఉంటే హౌసింగ్ మెలి తిరగడాన్ని అవే నేరుగా అడ్డుకుంటాయి. అమెరికాలో షెవ్రొలే కమారో కారు 1967 మోడల్‌గా మొదటిసారి వచ్చినప్పుడు వెనక ఒంటి పట్టీ కమాన్‌తో ఈ ఎగురుడు బాగా ఉండేది. 1968 మోడల్‌లో షాక్ అబ్జార్బర్లను ఇలా ఒకటి ముందు, ఒకటి వెనక అమర్చి, ఎక్కువ బలమున్న ఇంజిన్లకు పలు పట్టీల కమాన్‌లు ఇచ్చారు. ఆ తర్వాత ఫోర్డ్ రేంజర్ లాంటి పికప్‌లలోనూ ఇదే అమరిక వచ్చింది. మన బండికి ఆ మార్పు చేయాలంటే ఛాసిస్‌కు కొత్త బ్రాకెట్ వెల్డింగ్ చేయాలి కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

కొత్త షాక్‌లతో ఎగురుడు మొదలవుతోంది, కానీ కాలు కొద్దిగా తీస్తే వెంటనే చల్లారుతోంది. ముందైతే కాలు పూర్తిగా తీసినా రెండు మూడు దెబ్బలు కొట్టాకే ఆగేది.

టైర్ల గాలి విషయానికి ఖర్చేమీ లేదు, ఫలితం మాత్రం స్పష్టంగా ఉంది. లోడు కోసం నింపిన గాలితోనే ఖాళీ బండి తిరుగుతుంటే టైరు బంతిలా గట్టిపడి నేలను తాకే భాగం తగ్గుతుంది. ఖాళీ బండికి బండి పుస్తకంలో ఇచ్చిన అంకెకు వెనక గాలి తగ్గించగానే బాట మొదట్లోనే పట్టు మెరుగైంది. అయితే రోజూ ఉదయం లోడు ఎక్కే బండికి మధ్యాహ్నం గాలి తీసి, సాయంత్రం మళ్లీ నింపడం తమ్ముడికి కుదిరే పని కాదు. తక్కువ గాలితో పూర్తి లోడు ఎక్కిస్తే టైరు పక్కగోడ వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. సరుకు లేని వారాల్లో మాత్రమే దీన్ని పాటిస్తున్నాం.

జులై: ముందు సగానికి క్లాంపులు

ఈ దశలో నాకు అందరూ చెప్పిన సలహా ఇంకో పట్టీ వేయించమని. కమాన్ల షాపు మేస్త్రీ కూడా "అన్నా, ఇంకొక పట్టీ కలిపితే బండి కదలదు, నేను చెప్తా కదా" అన్నాడు. అనుభవమున్న మనిషి, లోడు విషయంలో ఆయన మాట నిజమే. పట్టీ కలిపితే మెలిక కొంత తగ్గుతుంది కూడా. కానీ నిలువు గట్టిదనం దానితో పాటే పెరిగి, ఖాళీ బండి వెనక భాగం ఇంకా పైకి లేచి, చిన్న మిట్టకే చక్రం నేల వదులుతుంది. మనకు కావలసింది మెలికకు గట్టిదనం, ఎత్తు పల్లాలకు మెత్తదనం.

ఈ రెండింటినీ వేరు చేసే ఉపాయాన్ని అమెరికాలో పందెం బండ్ల వాళ్లు చాలా కాలంగా వాడుతున్నారు. క్రైస్లర్ కంపెనీ 1960లలో తన కార్లకు ఇరుసును పట్టీ నడిమధ్యన కాకుండా ముందుకు జరిపి పెట్టింది. ముందు సగం పొట్టిగా గట్టిగా ఉండి హౌసింగ్‌ను చేయిలా పట్టుకుంటుంది, పొడవైన వెనక సగం మెత్తగా బరువు మోస్తుంది. మనం ఇరుసును జరపలేం. ముందు సగంలోని పట్టీలన్నిటినీ కలిపి గట్టిగా బిగిస్తే మాత్రం అవి ఒకదానిపై ఒకటి జారకుండా ఒకే మందపాటి పట్టీలా పనిచేసి ఆ సగాన్ని గట్టిపరుస్తాయి. వెనక సగాన్ని స్వేచ్ఛగా వదిలేయాలి. నోరు తెరిచిన ముందు క్లిప్పుల సంగతి ముఖ్యమన్నది ఇందుకే: కంపెనీ బిగించిన పట్టు ఎక్కడ అత్యవసరమో సరిగ్గా అక్కడే అది పోయింది.

క్లాంపుల తయారీ కొంచెం వివరంగా రాస్తాను. వెల్డింగ్ షాపులో 40 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టా ఇనుము ముక్కలు కోయించి, పట్టీ వెడల్పు కన్నా రెండు వైపులా బోల్టు పట్టేంత పొడవు ఉంచాం. ఒక ముక్క పైన, ఒకటి కింద. పట్టీకి ఇరువైపులా 12 మిల్లీమీటర్ల 8.8 గ్రేడు బోల్టులు, లాక్ నట్లు. బోల్టు పట్టీ అంచును ఆనుకునేలా రంధ్రాలు వేయించాం, లేకపోతే క్లాంపు పక్కకు తిరుగుతుంది. ముక్కల లోపలి అంచులను ఆకురాయితో గుండ్రంగా అరగదీశాను. పదునైన అంచు పట్టీ మీద గీత పెడితే ఆ గీత దగ్గరే ఏదో ఒక రోజు పగులు మొదలవుతుంది. ఇదే కారణంతో పట్టీకి రంధ్రం వేయడం, వెల్డింగ్ తాకించడం, వేడి చేయడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. పదును పట్టిన స్ప్రింగ్ ఉక్కు వేడి తగిలిన చోట తన గుణం కోల్పోయి లోడు మీద విరుగుతుంది, విరిగేది నడిరోడ్డు మీద.

ఒక్కో వైపు ముందు సగంలో రెండేసి క్లాంపులు పెట్టాం. మొదటిది యు బోల్టు నుంచి జానెడు దూరంలో, రెండోది కంటికి దగ్గరగా, కనీసం మూడు పట్టీలు ఇంకా కలిసి ఉన్న చోట. బిగించే ముందు ఆ భాగంలో తుప్పు పొడిని ఇనుప బ్రష్‌తో గోకి తీశాం, గ్రీజు రాయలేదు. ఇక్కడ పట్టీలు జారకూడదు కదా. వెనక సగంలో మాత్రం పట్టీల చివర్లకు గ్రాఫైట్ గ్రీజు పట్టించి, అక్కడి క్లిప్పులు పట్టీలను నొక్కకుండా విడిపోనివ్వని మేరకే ఉన్నాయని చూసుకున్నాం. బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు కేబుల్ క్లాంపులకు తగలకుండా ఉన్నాయో లేదో బండిని పూర్తి లోడుతో కిందికి దించి కూడా చూడాలి.

ఫలితం నేను ఆశించిన దాని కన్నా మెరుగ్గా ఉంది. వాన పడిన మర్నాడు అదే బాట, అదే మొదటి గేరు. చక్రం జారింది, మట్టి చిమ్మింది, కానీ ఎగరలేదు. వీడియోలో సుద్ద గీత ఒక వేలి ఎత్తు లేచి అక్కడే నిలిచింది. ఖాళీ బండిలో గతుకుల మీద వెనక కుదుపు కొంచెం పెరిగిందని తమ్ముడు చెప్పాడు, క్రేట్లు ఎక్కాక తేడా తెలియడం లేదట. తారు రోడ్డు మీద ఖాళీగా గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక వచ్చే వణుకు కూడా తగ్గింది; బ్రేకు వేసినప్పుడు హౌసింగ్ ఎదురు దిక్కుకు మెలి తిరుగుతుంది, దాన్ని ఆపేది కూడా ఈ ముందు సగమే.

ఆగస్టు: ఖర్చు, వద్దనుకున్నవి, మిగిలిన పని

యు బోల్టులకు 1,240 రూపాయలు, బుష్‌లకు కూలితో కలిపి 850, షాక్ అబ్జార్బర్ల జతకు 3,100, క్లాంపులకు బోల్టులతో సహా 760. మొత్తం 5,950 రూపాయలు. ఇందులో అతి తక్కువ ఖర్చయిన క్లాంపులే అన్నిటికన్నా పెద్ద మార్పు తెచ్చాయి. అయితే వదులు యు బోల్టుల మీద, చీలిన బుష్‌ల మీద, చచ్చిన షాక్‌ల మీద క్లాంపు ఒక్కటే బిగించి ఉంటే ఇంత ఫలితం వచ్చేది కాదని నా నమ్మకం.

తొట్టిలో ఇసుక బస్తాలు వేయడం గురించి కూడా ఆలోచించాం. నూరు కిలోల ఇసుకను సరిగ్గా ఇరుసు మీద పడేలా పెడితే పట్టు తప్పకుండా పెరుగుతుంది, కానీ అది మూడు నాలుగు క్రేట్ల టమాటా బరువు. రోజూ ఎత్తి దించలేక బండిలోనే ఉంచేస్తే లోడూ తగ్గుతుంది, డీజిలూ పోతుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ట్రాక్షన్ బార్లు (మెలికను ఆపే కడ్డీలు) వేయడం సాంకేతికంగా సరైన పరిష్కారమే. వాటిలో ముందు చివర రబ్బరు దిమ్మె పట్టీ ముందు కన్నును తాకి ఆగే రకానికి ఛాసిస్ మీద వెల్డింగ్ అవసరం లేదు. అవి ఇరుసు కింద వేలాడి పొలం బాటలో రాళ్లకు తగులుతాయి కాబట్టి మాకు పనికిరావు. తారు రోడ్ల మీదే తిరిగే బండి అయితే నేను వాటినే ఎంచుకునేవాణ్ని. బండి ఎత్తు పెంచడానికి ఇరుసుకూ పట్టీకీ మధ్య దిమ్మెలు పెట్టిన బండ్లు మా వైపు కొన్ని తిరుగుతున్నాయి. ఆ దిమ్మె ఇరుసును పట్టీకి దూరం చేసి మెలికను ఇంకా పెంచుతుంది. ఎగురుడు ఉన్న బండికి అవి ఉంటే ముందు వాటినే తీసివేయాలి.

నడిపే పద్ధతిలో ఒక మార్పు చేశాం. ఖాళీ బండితో ఆ బాట ఎక్కేటప్పుడు తమ్ముడు రెండో గేరులోనే, క్లచ్ నింపాదిగా వదులుతూ కదిలిస్తున్నాడు. రెండో గేరులో చక్రానికి చేరే టార్క్ దాదాపు సగానికి తగ్గుతుంది. క్లచ్‌ను సగం నొక్కి ఎక్కువసేపు ఉంచితే ప్లేటు కాలుతుంది కాబట్టి మరీ నిటారు చోట మళ్లీ మొదటి గేరే వాడాలి.

యు బోల్టులను లోడ్ల తర్వాత సరిచూసినప్పుడు నాలుగు నట్లు కొద్దిగా తిరిగాయి, టార్క్‌కు తెచ్చాం. క్లాంపు నట్ల మీద, పక్కనే ప్లేటు మీద కలిసేలా పెయింటుతో గీతలు పెట్టాను; గీత విడిపోతే నట్టు కదిలినట్టు. సీజను ముగిశాక క్లాంపులు విప్పి, వాటి అంచుల కింద పట్టీని కిరోసిన్‌తో కడిగి, పైపట్టీ మీద సన్నని పగులు ఏదైనా ఉందేమో టార్చి వెలుగులో పరీక్షించాలి. కుడి వైపు వెనక షాకిల్ బుష్ కూడా అరిగింది, దాన్ని అప్పుడే మార్పిస్తాను. ప్రొపెల్లర్ షాఫ్టు వెనక క్రాసులో స్వల్పంగా ఆట ఉంది. అది ఇన్నాళ్లు తిన్న దెబ్బల వల్లే వచ్చిందని అనుకుంటున్నాను, గ్రీజు పెట్టి చూసి, ఆట పెరిగితే కొత్తది వేయించాలి.